చిక్కబడ్డ రక్తం: సైకిల్ రేసుల్లో డోపింగ్ ఒంటికి నిజంగా ఏం చేస్తుంది?

2011 ఫిబ్రవరిలో ఇటలీలో రికార్డో రిక్కో అనే 27 ఏళ్ల ప్రొఫెషనల్ సైక్లిస్టును ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఆసుపత్రిలో చేర్చారు. పరిస్థితి విషమంగా ఉంది. అంతకు మూడేళ్ల ముందు టూర్ ద ఫ్రాన్స్ రేసులో డోపింగ్ (నిషేధించిన మందులు, పద్ధతులు వాడటం) చేసి దొరికిపోయి, శిక్ష పూర్తయ్యాక మళ్లీ రేసుల్లోకి వచ్చినవాడతను. ఎర్రకణాలు పెరిగి కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అందేలా, 25 రోజులుగా ఇంట్లో ఫ్రిజ్‌లో దాచిన తన రక్తాన్ని తనే ఎక్కించుకున్నానని డాక్టరుకు చెప్పాడన్నది కేసు. కోలుకున్నాక ఆ మాట కాదన్నాడు. ఇటలీ క్రీడా ట్రిబ్యునల్ నమ్మలేదు. 2012లో 12 ఏళ్ల నిషేధం వేసింది.

ఈ ఉదంతంలో నాకు ఎప్పుడూ వింతగా అనిపించేది ఒకటుంది. ఆ సంచిలో ఉన్నది విషం కాదు, ఏ ల్యాబులోనో తయారైన రసాయనమూ కాదు. అతని రక్తమే. బ్లడ్ బ్యాంకులో సరైన ద్రావణం కలిపి 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచితే ఎర్ర రక్తకణాలను 35 నుంచి 42 రోజుల దాకా వాడుకోవచ్చు. ఆ లెక్కన 25 రోజులు పెద్ద గడువేం కాదు. ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టే సంచి ఇంటి ఫ్రిజ్‌లోంచి వచ్చేసరికి ప్రాణం మీదికి తెచ్చింది.

డోపింగ్ ఆరోగ్యానికి చేటా అని అడిగితే సాధారణంగా మందుల పేర్లు, వాటి పక్కన దుష్ఫలితాల జాబితా వస్తాయి. ఆ జాబితాలు తప్పని అనను. కానీ సైక్లింగ్ చరిత్ర చదివేకొద్దీ నాకు తోచిందేమిటంటే, మందు పేరుతో తేలేది సగమే. మోతాదు ఎంత, ఇచ్చిన చెయ్యి ఎవరిది, ఏ గదిలో ఇచ్చారు, ఇచ్చాక ఏ కొండ ఎక్కమన్నారు అన్నవాటి మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. అందుకే ఇందులో అందరూ చెప్పుకునే మరణ కథలు కొన్ని అంత నిక్కచ్చిగా నిలవవు. ఎవరూ పెద్దగా పట్టించుకోని నష్టాలు కొన్ని గట్టిగా నిలుస్తాయి.

రేసు మాటేమిటి?

ముందు రేసు సంగతి చూడాలి. టూర్ ద ఫ్రాన్స్ అంటే 21 స్టేజీలు, దాదాపు 3,400 కిలోమీటర్లు, మూడు వారాల్లో రెండే విశ్రాంతి రోజులు. కొండల రోజున ఒక రైడర్ ఆరేడు వేల కేలరీలు ఖర్చు పెట్టడం మామూలే. రాత్రి తిన్నది ఒంటికి పట్టేలోపే మళ్లీ తెల్లారుతుంది. ఇప్పటి స్టేజీలు నయం. 1919 నుంచి 1924 దాకా ఒకే రోజులో 482 కిలోమీటర్లు తొక్కాల్సిన స్టేజీ ఒకటి ఉండేది. చీకట్లో బయల్దేరేవాళ్లు, గతుకుల రోడ్లు, గేర్లు మార్చుకునే సౌకర్యం కూడా లేని సైకిళ్లు.

1924లో, అంతకు ముందు ఏడాది విజేత అయిన ఆంరి పెలిస్సియే, తమ్ముడు ఫ్రాన్సిస్‌తో, మరో రైడర్‌తో కలిసి రేసు మధ్యలో వదిలేశాడు. ముగ్గురూ ఒక కాఫీ కొట్లో కూర్చుని ఆల్బేర్ లోండ్ర్ అనే జర్నలిస్టు ముందు జేబులు ఖాళీ చేశారు. కళ్లకు కొకైన్, చిగుళ్లకు క్లోరోఫాం, రకరకాల మాత్రలు. తాము డైనమైట్ మీద నడుస్తున్నామని చెప్పారు. తెలుగులో మందు అన్న మాట ఒంటికి వేసేదానికీ, సీసాలో పోసేదానికీ, పురుగులకు కొట్టేదానికీ, తుపాకిలో కూరేదానికీ అన్నింటికీ సరిపోతుంది. పెలిస్సియే చెప్పింది ఆ చివరి రకం. అప్పటికి అదేదీ నిషేధం కాదు. వాళ్ల ఫిర్యాదు కూడా మందుల మీద కాదు, ఆ మందులు లేకుండా తట్టుకోలేని రేసు మీద.

అలసటను నొక్కేసే మాత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు నిద్ర ఆపుకోవడానికి మింగిన ఆంఫెటమైన్లు యుద్ధం తర్వాత రేసుల్లోకి దిగాయి. ఇవి కండరాలకు కొత్త బలం ఏమీ ఇవ్వవు. ‘ఇక చాలు, ఆపు’ అని మెదడు చెప్పే మాటను వినపడకుండా చేస్తాయి, అంతే. ఎండలో ఒళ్లు వేడెక్కుతుంటే మెదడు కాళ్లను నెమ్మదించమంటుంది. ఒంటికి ఉన్న రక్షణల్లో అది చాలా ముఖ్యమైనది. ఆంఫెటమైన్ వేసుకున్నవాడికి వేడి పెరుగుతుంది గానీ పెరుగుతున్నట్టు తెలియదు.

1967 జులై 13న టామ్ సింప్సన్‌కు జరిగింది ఇదే. బ్రిటన్ రైడర్, 1965 ప్రపంచ చాంపియన్, వయసు 29. ఫ్రాన్స్‌లో మోన్ వాంటూ అనే బోడి కొండ మీద, నీడన్నది లేని చోట, శిఖరం ఇంకాస్త దూరంలో ఉండగా పడిపోయాడు. లేపి సైకిల్ ఎక్కిస్తే కొంచెం దూరం తొక్కి మళ్లీ పడ్డాడు. ఇక లేవలేదు. జేబులో ఆంఫెటమైన్ గొట్టాలు దొరికాయి, రక్తంలో ఆంఫెటమైన్, ఆల్కహాల్ కనిపించాయి.

కాబట్టి మందే చంపిందనాలా? అప్పటికి కొన్ని రోజులుగా అతనికి కడుపు పాడై ఉంది. ఆ రోజు ఎండ భయంకరంగా ఉంది. రేసులో నీళ్లు ఎంత తక్కువ తాగితే అంత మంచిదని నమ్మిన కాలమది, బాటిళ్ల సంఖ్య మీద కూడా పరిమితి ఉండేది. ఒంట్లో నీళ్లు లేవు, పైన ఎండ, లోపల ఆల్కహాల్, ఎదురుగా కొండ. అదే మాత్ర చల్లటి రోజున, చదును రోడ్డు మీద వేసుకుని సాయంత్రానికి ఇంటికెళ్లినవాళ్లు వందల మంది ఉండి ఉంటారు. సింప్సన్ కూడా అలాంటి రోజులు చూసే ఉంటాడు. ఇదేదో మాత్రను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. ప్రమాదం ఎక్కడుందో సరిగ్గా చూపించడానికి చెబుతున్నాను: అన్నీ కలిసిన రోజున ఒంటిని కాపాడాల్సిన ఒక్క హెచ్చరిక నోరూ ఆ మాత్ర నొక్కేసింది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్ కుర్రాడు నుడ్ ఎనెమార్క్ యెన్సెన్ కథ ఇంకా చిక్కుముడి. 100 కిలోమీటర్ల టీమ్ రేసులో, దాదాపు 40 డిగ్రీల ఎండలో స్పృహ తప్పి పడిపోయాడు. తలకు బలమైన గాయమైంది. అదే రోజు చనిపోయాడు. ఆంఫెటమైన్లే చంపాయని ఏళ్ల తరబడి పుస్తకాల్లో రాశారు. అధికారికంగా చెప్పిన కారణం మాత్రం వడదెబ్బ. ఆంఫెటమైన్ ఉందన్న మాటకు సరైన ఆధారం లేదని తర్వాతి చరిత్రకారులు వాదించారు. అయినా ఒలింపిక్స్‌లో డోపింగ్ పరీక్షలు రావడానికి అతని మరణం ఒక పెద్ద కారణమైంది.

పరీక్షలు వచ్చినప్పుడు రైడర్లు సంతోషించారనుకుంటే పొరపాటు. 1966లో బోర్డోలో టూర్ చరిత్రలో తొలిసారి మూత్ర పరీక్షలు చేస్తే, మర్నాడు రైడర్లంతా సైకిళ్లు దిగి నడుస్తూ నిరసన తెలిపారు. సింప్సన్ చనిపోయింది దానికి దాదాపు ఏడాది తర్వాత.

ఈపీఓ: నిద్రలో ఆగిన గుండెలు

ఎరిత్రోపాయిటిన్ (క్లుప్తంగా ఈపీఓ) అనే హార్మోన్‌ను మన మూత్రపిండాలే తయారు చేస్తాయి. ఎర్ర రక్తకణాలు పెంచమని ఎముక మజ్జకు అది కబురు పంపుతుంది. కిడ్నీలు పాడైన రోగుల్లో ఆ కబురు ఆగిపోయి రక్తహీనత వస్తుంది. ల్యాబులో తయారు చేసిన ఈపీఓకు 1989లో అమెరికాలో అనుమతి దొరికాక ఆ రోగుల బతుకే మారిపోయింది. నెలనెలా రక్తం ఎక్కించుకునే బాధ చాలామందికి తప్పింది. అదే సూది సైక్లిస్టు చేతికి వస్తే కండరాలకు అందే ఆక్సిజన్ పెరుగుతుంది. ఒలింపిక్ కమిటీ 1990లోనే దీన్ని నిషేధించింది. కనిపెట్టే పరీక్ష మాత్రం 2000 దాకా రాలేదు. నిషేధానికీ పరీక్షకీ మధ్య పదేళ్లు! ఆ పదేళ్లలో ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు.

రక్తంలో ఎర్రకణాల వాటాను హెమటోక్రిట్ అంటారు. మగవాళ్లలో ఇది సుమారు 41 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది. ఇది పెరిగేకొద్దీ రక్తం చిక్కబడుతుంది. చిక్కదనం లెక్క ప్రకారం నెమ్మదిగా పెరగదు. ఒక స్థాయి దాటాక అమాంతం పెరుగుతుంది. చెమటతో ఒంట్లో నీళ్లు పోతే ఇంకా చిక్కబడుతుంది. 1996 టూర్ విజేత బ్యార్నె రీస్‌కు రైడర్ల మధ్య ‘మిస్టర్ 60 శాతం’ అని పేరుండేది. ఈపీఓ వాడానని అతను 2007లో ఒప్పుకున్నాడు.

ఇక్కడే ఆ ప్రసిద్ధ కథ వస్తుంది. 1980ల చివర, 1990ల మొదట్లో నెదర్లాండ్స్, బెల్జియంలలో కుర్ర సైక్లిస్టులు దాదాపు 18 మంది నిద్రలోనో, విశ్రాంతిలోనో గుండె ఆగి చనిపోయారని, కారణం ఈపీఓ అని చెబుతారు. రాత్రి గుండె నిమిషానికి 40 సార్లే కొట్టుకునే ఆటగాళ్లు, చిక్కబడ్డ రక్తం, గడ్డకట్టి ఆగిన గుండె. వినడానికి అంతా అతికినట్టు సరిపోతుంది. రాత్రిళ్లు అలారం పెట్టుకుని లేచి, గదిలోనే కసరత్తు చేసి గుండె వేగం పెంచుకున్న రైడర్ల కథలు కూడా ఈ భయం లోంచి వచ్చినవే.

తీరా తవ్వి చూస్తే ఆ మరణాల్లో ఒక్కదానికి కూడా ఈపీఓయే కారణమని రుజువు కాలేదు. ఈపీఓ మార్కెట్లోకి రాకముందు చనిపోయిన వాళ్లను కూడా కొన్ని జాబితాలు కలిపేశాయి. కుర్ర ఆటగాళ్లలో పుట్టుకతో వచ్చిన గుండె జబ్బుల వల్ల హఠాత్తుగా ప్రాణం పోవడం ఏ మందూ లేకుండా కూడా జరుగుతుంది. కాబట్టి ఈపీఓ 18 మందిని చంపిందనీ చెప్పలేం, ఎవరినీ చంపలేదనీ చెప్పలేం. ఎవరు ఎంత మోతాదు తీసుకున్నారో రాసి పెట్టని చోట శాస్త్రం చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. రహస్యం చేసే మొదటి హాని అది. చనిపోయినవాడు ఎందుకు చనిపోయాడో కూడా తెలియనివ్వదు.

ఈపీఓ ప్రమాదకరమని గట్టిగా చెప్పే ఆధారం సైక్లింగ్‌లో కాదు, రోగుల్లో దొరికింది. కిడ్నీ రోగుల మీద 2006లో వచ్చిన పెద్ద అధ్యయనంలో హిమోగ్లోబిన్‌ను 11.3 దగ్గర ఆపినవాళ్ల కన్నా 13.5 దాకా తీసుకెళ్లాలని చూసినవాళ్లలో మరణాలు, గుండె సమస్యలు ఎక్కువ కనిపించాయి. 2009లో మధుమేహం, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవాళ్ల మీద జరిగిన మరో అధ్యయనంలో అదే జాతి మందు వాడినవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపైంది. ఇంకో అరుదైన ప్రమాదం కూడా రోగుల్లోనే బయటపడింది: ఒళ్లు బయటి ఈపీఓను శత్రువుగా గుర్తించి, దానికి వ్యతిరేకంగా తయారు చేసిన యాంటీబాడీలతో సొంత ఈపీఓ మీద కూడా దాడి చేయడం. అప్పుడు ఎర్రకణాల తయారీయే ఆగిపోతుంది. అయితే రోగి ఒళ్లు వేరు, ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల ఆటగాడి ఒళ్లు వేరు. ఈ అంకెలను తెచ్చి నేరుగా రైడర్లకు అంటించకూడదు.

ఇంకో పక్క ఫిన్లాండ్‌కు చెందిన ఈరో మాంటిరాంటా ఉన్నాడు. మంచు మీద స్కీయింగ్‌లో 7 ఒలింపిక్ పతకాలు గెలిచినవాడు. పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు వల్ల అతని ఎర్రకణాలు ఎప్పుడూ చాలా ఎక్కువ ఉండేవి, ఏ సూదీ లేకుండానే. 76 ఏళ్లు బతికాడు. అంటే చిక్కటి రక్తం దానంతటదే మరణశిక్ష కాదు. జీవితాంతం దానికి అలవాటు పడ్డ ఒళ్లు ఒకటి, రెండు వారాల్లో సూదితో అక్కడికి ఎక్కించిన ఒళ్లు ఇంకొకటి.

ఇక ఈపీఓ వల్ల నిజంగా లాభం ఎంత? 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు 48 మంది బాగా శిక్షణ పొందిన సైక్లిస్టులను తీసుకుని, సగం మందికి ఈపీఓ, సగం మందికి ఉత్తి సూది ఇచ్చి, చివర్లో మోన్ వాంటూ ఎక్కించారు. ల్యాబులో ఊపిరి సామర్థ్యం కొలిస్తే ఈపీఓ వాళ్లది మెరుగ్గా ఉంది. కొండ మీద సమయాల్లో మాత్రం తేడా రాలేదు. ఇది చూసి ఈపీఓ పనిచేయదని ప్రచారం చేసినవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లను. వాళ్లు టూర్ స్థాయి ఆటగాళ్లు కాదు, మోతాదు జాగ్రత్తగా ఇచ్చింది, మూడు వారాల అలసట లేదు. 1990ల నాటి గదుల్లో జరిగినదాన్ని ఏ నైతిక కమిటీ మళ్లీ చేయనివ్వదు.

50 అనే అంకె

పరీక్ష లేని ఆ రోజుల్లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 1997లో ఒక తెలివైన రూలు తెచ్చింది. అంత తెలివిలోనే ఒక మెలిక కూడా ఉంది. హెమటోక్రిట్ మగవాళ్లకు 50, ఆడవాళ్లకు 47 దాటితే రేసు నుంచి పక్కన పెడతారు. డోపింగ్ అనరు. ఆరోగ్యం కోసం రెండు వారాల విశ్రాంతి అంటారు, అంతే.

ప్రాణాల పరంగా ఇది మేలే చేసిందని నా అభిప్రాయం. 60 శాతానికి పరుగెత్తే పోటీకి ఒక గోడ కట్టింది. న్యాయం పరంగా మాత్రం తలకిందులైంది. పుట్టుకతో 41 శాతం ఉన్నవాడు సూదులతో తొమ్మిది మెట్లు ఎక్కవచ్చు. సహజంగానే 49 ఉన్నవాడికి అందులో ఒక్క మెట్టే మిగిలింది. దాటకూడదని పెట్టిన గీత కాస్తా చేరుకోవాల్సిన గమ్యమైపోయింది. టీములు చిన్న సెంట్రిఫ్యూజ్ యంత్రాలు వెంట తిప్పుకుంటూ పొద్దున్నే రక్తం కొలుచుకునేవి. అంకె ఎక్కువొస్తే పరీక్ష చేసేవాళ్లు తలుపు తట్టేలోపు సెలైన్ ఎక్కించి రక్తం పలచన చేసేవాళ్లు.

1999 జూన్ 5న ఇటలీలోని మడోన్నా ది కాంపిల్యోలో మార్కో పంటానీ రక్తం 52 చూపించింది. అంతకు ముందు ఏడాది జీరో ద ఇటాలియా (ఇటలీలో జరిగే మూడు వారాల రేసు), టూర్ రెండూ గెలిచిన హీరో. ఈసారి జీరోలో రెండే స్టేజీలు మిగిలినప్పుడు, గెలుపు చేతిలో ఉండగా, రేసు నుంచి పంపేశారు. రూలు ప్రకారం అది రెండు వారాల విశ్రాంతి. అతనికి మాత్రం జీవితమంతా పట్టింది. కేసులు, కుంగుబాటు, కొకైన్. 2004 ఫిబ్రవరి 14న రిమినీలో ఒక హోటల్ గదిలో ఒంటరిగా చనిపోయాడు. 34 ఏళ్లు. కొకైన్ ఎక్కువవడమే కారణం. 1998 టూర్ నాటి అతని నమూనాల్లో ఈపీఓ ఉన్నట్టు 2013లో ఫ్రాన్స్ సెనేట్ నివేదిక బయటపెట్టింది. ఈపీఓ దుష్ఫలితాల పట్టికలో పంటానీ పేరు ఎక్కడా ఉండదు. నన్నడిగితే ఉండాలి. డోపింగ్ ఆరోగ్యానికి చేసే హాని రక్తనాళాల్లోనే జరగాలని ఏమీ లేదు.

టీము డాక్టరు ఎవరి డాక్టరు?

1998 జులైలో, టూర్ మొదలవడానికి కొద్ది రోజుల ముందు, ఫ్రాన్స్ బెల్జియం సరిహద్దులో ఫెస్టినా టీము సహాయకుడు విల్లీ వోయే కారును కస్టమ్స్ అధికారులు ఆపారు. లోపల వందల కొద్దీ ఈపీఓ, గ్రోత్ హార్మోన్, టెస్టోస్టెరాన్ డోసులు. ఆ దెబ్బతోనే మరుసటి ఏడాది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా పుట్టింది.

విచారణలో టీము మేనేజర్ ఇచ్చిన సంజాయిషీ ఆలోచింపజేస్తుంది. రైడర్లు ఎక్కడెక్కడో సంపాదించి ఇష్టమొచ్చినట్టు వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకోకుండా, డాక్టరు పర్యవేక్షణలో ఇప్పించామన్నాడు. ఇప్పటికీ కొందరు ఇదే అంటారు: ఎలాగూ ఆపలేం, డాక్టర్ల చేతికిచ్చేస్తే హాని తగ్గుతుంది కదా?

ఈ వాదనలో కొంత నిజం ఉంది. రిక్కో ఫ్రిజ్ చూశాక ఉందనే అనాలి. కానీ అది రెండు చోట్ల కూలుతుంది. మామూలు డాక్టరు పేషెంటు బాగుంటే చాలనుకుంటాడు. టీము డాక్టరు జీతం పేషెంటు గెలిస్తే వస్తుంది. పైగా పక్కవాడి కన్నా కొంచెం ఎక్కువ ఇస్తేనే లాభం కాబట్టి సురక్షితమైన మోతాదు దగ్గర ఎవరూ ఆగరు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఇది ముందే కనిపించింది. రక్తం ఎక్కించడం అప్పటికి నిషేధం కాదు. అయినా అమెరికా సైక్లింగ్ టీములో కొందరికి హోటల్ గదిలోనే, కొందరికి వేరేవాళ్ల రక్తం ఎక్కించారు. కొందరు జబ్బు పడ్డారు. నిషేధం లేనంత మాత్రాన హోటల్ గది ఆసుపత్రి కాలేదు.

రెండోది క్రిస్టాఫ్ బాసోన్స్. ఫెస్టినా టీములో మందు ముట్టనివాడని సాటి రైడర్లే సాక్ష్యమిచ్చిన ఒక్క మనిషి. 1999 టూర్‌లో డోపింగ్ గురించి పత్రికలో రాస్తుంటే తోటి రైడర్లు మాట్లాడటం మానేశారు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి వెళ్లిపొమ్మన్నాడు. మానసికంగా అలిసిపోయి రేసు మధ్యలో ఇంటికి వెళ్లాడు. ఆ ఏడాదితో మొదలై ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన 7 టైటిళ్లనూ 2012లో తీసేశారు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ కలిసి కాపాడుకున్న మౌనం అది. మందులను అనుమతిస్తే బాసోన్స్ లాంటివాళ్ల ముందు రెండే దారులుంటాయి, సూది వేయించుకోవడమో, వృత్తి మానుకోవడమో. ఒకడు తన ఒంటితో ఏం చేసుకుంటే మనకేంటి అనే వాదన నాకు ఇక్కడ నిలవదనిపిస్తుంది.

2006లో స్పెయిన్‌లో ఆపరేషన్ ప్వెర్టో పేరిట మాడ్రిడ్‌లో డాక్టర్ యుఫెమియానో ఫ్వెంతెస్ మీద దాడి చేసినప్పుడు పోలీసులకు ఫ్రిజ్‌ల నిండా రక్తం సంచులు దొరికాయి. వాటి మీద అసలు పేర్లు లేవు, రహస్య గుర్తులు ఉన్నాయి. బ్లడ్ బ్యాంకులో సంచి మీద వివరాలు రెండు మూడుసార్లు సరిచూస్తారు, ఎందుకంటే తప్పు రక్తం ఎక్కితే మనిషి పోవచ్చు. దొరక్కుండా ఉండటానికి ఇక్కడ చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

నిషేధానికి అటూ ఇటూ

కార్టిజోన్ జాతి మందుల గురించి జనం తక్కువ మాట్లాడతారు, అవి ఆస్తమాకూ కీళ్ల నొప్పులకూ ఎవరికైనా రాసే మందులే కాబట్టి. నొప్పి, వాపు తగ్గిస్తాయి. కండ పోకుండా బరువు తగ్గడానికి ఉపయోగపడతాయని రైడర్లు నమ్ముతారు. ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి. ఇంకా పెద్ద సమస్య, ఒళ్లు తన సొంత కార్టిసాల్ తయారీ మానేస్తుంది. పెద్ద గాయం, ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఒంటిని నిలబెట్టేది ఆ హార్మోనే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో కొండ దిగుతూ పడిపోయే అవకాశం ఉన్న ఆటలో అది లేకపోవడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అందుకే 2007లో కొన్ని టీములు తమంతట తాము పెట్టుకున్న సంఘం, కార్టిసాల్ మరీ తక్కువ ఉన్న రైడర్‌ను రేసుకు పంపకుండా ఆపుతుంది.

డాక్టరు చీటీతో ప్రత్యేక అనుమతి తీసుకుని వాడుకునే వెసులుబాటు ఉండటం వల్ల చిక్కు ఇంకా పెరిగింది. 2012 టూర్ గెలిచిన బ్రాడ్లీ విగ్గిన్స్ పెద్ద రేసుల ముందు అనుమతితోనే ట్రయామ్సినలోన్ అనే కార్టిజోన్ జాతి మందు సూది వేయించుకున్నట్టు 2016లో హ్యాకర్లు బయటపెట్టారు. ఎలర్జీ కోసమే అని అతనన్నాడు. రూలు తప్పలేదు గానీ నైతికంగా గీత దాటారని 2018లో బ్రిటన్ పార్లమెంటు కమిటీ అతని టీమును తప్పుబట్టింది. వాళ్లు ఒప్పుకోలేదు. ఇలాంటి వివాదాల తర్వాత 2022 నుంచి రేసు సమయంలో ఈ జాతి మందుల ఇంజెక్షన్లన్నీ నిషేధించారు.

ట్రమడాల్ ఇంకో రకం. నల్లమందు జాతి నొప్పి మాత్ర. తల తిరుగుతుంది, మగతగా ఉంటుంది, అలవాటు పడితే వదలదు. 2017లో సైక్లింగ్ రేసుల్లో తీసిన నమూనాల్లో 4.4 శాతంలో ఇది కనిపించింది. అప్పటికది నిషేధం కాదు. దీని హాని వేసుకున్నవాడి దగ్గరే ఆగదు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా 150 మంది దూసుకెళ్లే గుంపులో ఒకడు తూలితే ఇరవై మంది పడతారు. యూసీఐ 2019 మార్చిలో ఆరోగ్య కారణాలతో నిషేధించింది, వాడా 2024లో. మధ్యలో 2022 టూర్‌లో ఆరో స్థానంలో నిలిచిన నైరో కింటానా రక్తంలో ట్రమడాల్ దొరికిందని ఆ ఫలితం కొట్టేశారు. తను వాడలేదన్నాడు. అప్పటి రూలు ప్రకారం అది డోపింగ్ నేరం కాదు కాబట్టి నిషేధమేమీ పడలేదు.

వీటన్నిటిలోకీ నాకు భయం కలిగించేది జీడబ్ల్యూ501516. ఎలుకల్లో క్యాన్సర్లు రావడంతో కంపెనీ మధ్యలోనే వదిలేసిన మందు, మనుషుల కోసం ఎన్నడూ అనుమతి పొందలేదు. అయినా ఇంటర్నెట్‌లో అమ్మారు, రైడర్లు కొన్నారు. 2013లో వాడా పద్ధతికి భిన్నంగా బహిరంగ హెచ్చరిక చేసింది. ఇది మోసం అని కాదు, దీన్ని ముట్టుకోకండి, ప్రాణానికి ముప్పు అని. ఆ తర్వాతి నెలల్లో కూడా సైక్లిస్టులు దీంతో దొరికారు.

మరి ఎక్కువ కాలం ఎందుకు బతికారు?

ఈ చిక్కుముడిలో చివరి ముడి ఇది. 1947 నుంచి 2012 దాకా టూర్‌లో పాల్గొన్న 786 మంది ఫ్రెంచి రైడర్ల రికార్డులు చూస్తే, అదే వయసు సాధారణ ఫ్రెంచి మగవాళ్ల కన్నా వాళ్ల మరణాల రేటు 41 శాతం తక్కువ. 2013లో వచ్చిన ఈ ఫలితాన్ని చూపి, డోపింగ్ అంత ప్రమాదమైతే వీళ్లంతా ఇంతకాలం ఎలా బతికారని అడిగేవాళ్లున్నారు.

అడగాల్సిన ప్రశ్నే. కానీ వీళ్లను పోల్చింది సిగరెట్లు తాగేవాళ్లు, కుర్చీ వదలనివాళ్లు, గుండె జబ్బులున్నవాళ్లు అందరూ ఉన్న జనాభాతో. టూర్ దాకా రాగలిగినవాడి గుండె, ఊపిరితిత్తులు మొదట్నుంచీ గట్టివి. మందులు తీసుకున్న రైడర్లను తీసుకోని రైడర్లతో పోల్చి ఉంటే వేరే సంగతి, కానీ ఎవరు ఏది తీసుకున్నారో రాసినవాళ్లే లేరు. పైగా చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆంఫెటమైన్ల కాలం వాళ్లు. ఈపీఓ తరం ఇప్పుడిప్పుడే అరవైకి చేరుతోంది. వాళ్ల లెక్క రావడానికి ఇంకా ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది.

ఈలోగా మోతాదులు తగ్గాయి. 2008లో యూసీఐ ప్రవేశపెట్టిన బయలాజికల్ పాస్‌పోర్ట్ మందును వెతకదు, ఏళ్ల తరబడి ఒక్కో రైడర్ రక్తం ఎలా నడిచిందో చూస్తుంది. మూడు వారాల రేసులో ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) పెరిగి రక్తం సహజంగా పలచబడాలి. చివరి వారంలో కూడా మొదటి రోజు అంకే కనిపిస్తే అనుమానించాల్సిందే. దీంతో రైడర్లు అర్ధరాత్రి ఒక చుక్క ఈపీఓ వేసుకుని తెల్లారేసరికి జాడ లేకుండా చేసుకునే చిన్న మోతాదులకు మారారని 2015లో యూసీఐ నియమించిన స్వతంత్ర కమిషన్ రాసింది. ఇంకా ఎంతమంది డోపింగ్ చేస్తున్నారని అదే కమిషన్ అడిగితే ఒకరు 90 శాతం అన్నారు, ఇంకొకరు 20 శాతం అన్నారు! ఏది నిజమైనా 60 శాతం హెమటోక్రిట్ కాలం మాత్రం పోయింది. శుభ్రమైన ఆట రాకపోయినా ప్రాణభయం కొంత తగ్గిందన్నమాట.

ఇప్పుడు వంతు కార్బన్ మోనాక్సైడ్‌ది. ఒంట్లో మొత్తం హిమోగ్లోబిన్ ఎంతుందో కొలవడానికి కొలత ప్రకారం కొంచెం పీల్పించి చూసే యంత్రం ఒకటుంది. ఎత్తైన కొండల మీద శిక్షణ ఫలించిందో లేదో తెలుసుకోవడానికి టీములు దాన్ని కొన్నాయని 2024లో బయటపడింది. అదే వాయువును రోజూ కొంచెం కొంచెం పీలిస్తే ఆక్సిజన్ కొరత ఏర్పడిందనుకుని ఒళ్లు ఎర్రకణాలు పెంచుకుంటుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లను చంపే వాయువు ఇదే. పదేపదే పీల్చడాన్ని యూసీఐ 2025 ఫిబ్రవరిలో నిషేధించింది. ఇప్పుడు రూలు ప్రకారం వైద్య సంస్థలో, అనుభవమున్న వైద్య సిబ్బంది చేతుల మీదుగా, కొలత కోసం ఒక్కసారి పీల్చవచ్చు. రెండోసారి కావాలంటే రెండు వారాలు ఆగాలి.